కప్పల పెళ్లి వాయిదా

"ప్రజాక్షేమమే పరమావధిగా, ఈ నేల తడిసేంతవరకూ ఈ కమిటీ కంటిమీదకు కునుకు రానివ్వదు!"

గుండ్లవంక వర్షసాధన కమిటీ మొదటి సమావేశంలో మొదటి తీర్మానం ఇది. జూన్ పదకొండో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు, అధ్యక్షుడు లింగన్న గారి కొత్త బంగళా వరండాలో, రెండు ఫ్యాన్ల కింద, చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దాన్ని రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో ఎక్కించే భాగ్యం కమిటీ కార్యదర్శి, హైస్కూలు డ్రాయింగు మాస్టారు తిప్పేస్వామికి దక్కింది. అతను 'కునుకు' దాకా వచ్చాడో లేదో, ముసలి తిమ్మక్క చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"సామీ, ఇంటికి రాప్పా. సరళ పలకడంల్యా."

ఇంట్లో అతని భార్య సరళ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఒళ్లో చాట, చాటలో సగం ఒలిచిన శనక్కాయలు. పక్కన రెండు మూటలు, విత్తనానికి ఒలిచి కట్టిపెట్టినవి. కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఒలిచి ఒలిచి గోరు చివర చర్మం లేచిపోయింది. గుండె ఆగిందని ఉరవకొండ డాక్టరు చెప్పాడు. ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేదు, తిప్పేస్వామి అడగలేదు.

కమిటీ మానవత్వం లేనిది కాదు. ఆ రోజే సంతాప తీర్మానం చేసింది. అజెండాలో అది నాలుగో అంశం, మూడోది తేనీరు. పదకొండు రోజుల తర్వాత రిజిస్టరు తిప్పేస్వామి ఇంటికే పంపించారు. 'నీ అక్షరాలే బాగుంటాయి సార్, నువ్వే ఎక్కించు' అని కబురు కూడా చేశారు. 'శ్రీమతి సరళ గారి ఆకస్మిక మృతికి ఈ సమావేశం ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నది' అని అతనే రాశాడు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

పోయే ముందు రోజు రాత్రి సరళ అన్న మాట ఒకటి అతని దగ్గర మిగిలింది. "ఈసారి కప్పల పెండ్లి అయినంకనే విత్తనం ఎయ్యాల. ముందే ఏస్తే నేనొప్పుకోను, చెప్తాండా!" గుండ్లవంకలో అది మామూలే. వాన మొండికేసిన ఏడాది రెండు కప్పలను పట్టి, పసుపు పూసి, పెళ్లి చేసి, ఆ తర్వాతే ఊరంతా విత్తనం పట్టుకుని చేలోకి దిగుతుంది. ఇరవై ఏళ్లుగా సరళ ఆడపెళ్లివారి పెద్ద. ఇరవై ఏళ్లుగా తిప్పేస్వామి నవ్వుతూనే ఉన్నాడు. "కప్పలకు మూడుముళ్లు వేస్తే మబ్బులకేం తెలుస్తుంది?" అనేవాడు. "నీకు బొమ్మలేసేది తెలుసు. వాన ఎట్ల వచ్చాదో నీకేం తెలుసులేయ్యా" అనేది ఆమె.

ఇప్పుడు నవ్వడానికి ఎదురుగా ఎవరూ లేరు. అతనికి కప్పల మీద నమ్మకం కొత్తగా ఏమీ పుట్టలేదు. ఆ రెండు మూటలను ఆమె చెప్పినట్టు, చెప్పిన వరుసలో నేలకు చేర్చాలన్నదే అతని పట్టుదల. ఒలిచిన విత్తనం ఎక్కువ కాలం ఆగదు. జూలై దాటితే విత్తనానికీ ఓపిక పోతుంది, నేలకూ పోతుంది.

*

కమిటీ మాట మీద నిలబడింది. రాత్రుళ్లు ఏం చేసిందో తెలియదు గానీ పగలు మాత్రం నిద్రపోకుండా అర్జీలు పెట్టింది. "మా ఊరికి వాన రాలేదని తమకు తెలియజేసుకుంటున్నాము" అని ఒక ఆఫీసుకు రాస్తే, "మీ అర్జీ అందినది. సదరు వాన మా పరిధిలోనిది కాదు. సంబంధిత శాఖను సంప్రదించగలరు" అని ముద్ర వేసి మరీ జవాబు వచ్చింది. సభ్యులందరూ వరండా దిగి, సంబంధిత శాఖ వైపు తలలెత్తి చూశారు. అక్కడ ఒక గద్ద తిరుగుతోంది.

వాన లేకపోతే ఎంత కష్టమో లింగన్న గారికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. రెండు నీళ్ల ట్యాంకర్లు, ఒక మినరల్ వాటర్ ప్లాంటు, ఒక బోరు లారీ ఆయనవే. అందుకే ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆయన చదువుకున్న మనిషి. పేపరు విలేకరి అడిగితే, "నాకు ఈ మూఢనమ్మకాల మీద నమ్మకం లేదప్పా. కప్పల పెండ్లంటే జనాల సెంటిమెంటు. జనం కోసం చేస్తాండాం" అని చెప్పాడు. జనం కోసం ఆయన నమ్మకపోవడం కూడా మానుకోగలడు. అంత త్యాగం!

చిక్కంతా కప్పల దగ్గర వచ్చింది. వాన కోసం కప్పలు కావాలి, కప్పల కోసం వాన కావాలి. పెళ్లి జరిపించే పెద్దముత్తైదువ హోదాలో తిమ్మక్క తొమ్మిది రోజులు వెతికింది. వంకలో ఇసుక తవ్వి చూసింది, పాడుబడ్డ బావుల్లోకి తొంగి చూసింది, గుత్తి దాకా బస్సులో పోయి కోట కింద చెలమలు కూడా చూసి వచ్చింది. చివరికి లింగన్న గారి వాటర్ ప్లాంటు వెనక, వదిలేసిన నీళ్లు పారే కాలవలో రెండు దొరికాయి. ఒక మగది, ఒక ఆడది. ఊరు ఊరంతా వచ్చి చూసి వెళ్లింది. తిమ్మక్క వాటిని కుండలో పెట్టి, తడిగోనె కప్పి, తన మంచం పక్కనే పెట్టుకుంది.

పెళ్లి జూలై ఇరవై నాలుగు, శుక్రవారం. తీర్మానం తిప్పేస్వామే రాశాడు. ఆ పూట అతని అక్షరాలు మామూలు కంటే కొంచెం పెద్దవిగా పడ్డాయి.

మర్నాడే అత్యవసర సమావేశమని పిలుపు వచ్చింది. వెళ్లి చూస్తే అధ్యక్షుడూ కార్యదర్శీ తప్ప ఎవరూ లేరు.

"కూర్చో సార్. చిన్న సమస్య వచ్చి పడినాది" అన్నాడు లింగన్న. "ఇరవై ఆరు ఆదివారం మా మనవడి అయిదో పుట్టినరోజు. ఇంటి ముందర సైటులోనే చేస్తాండాం, బయట. డెకరేషన్ పెద్దది."

"సంతోషం అన్నా. పెండ్లి శుక్రవారమే కదా. అడ్డమేముండాది?"

"అదే సార్ అడ్డం! తిమ్మక్క ఏమంటాది? పెండ్లి అయిన మూడు దినాల్లో వాన గ్యారంటీ అంటాది. శుక్రవారం, శనివారం, ఆదివారం. ఎంచి చూడు!" వేళ్ల మీద ఎంచి చూపించాడు. "సరిగ్గా కేకు కోసే టయానికి పడ్తాది."

తిప్పేస్వామి కూడా వేళ్ల మీద ఎంచి చూశాడు. "నీకు నమ్మకం లేదంటివి కదన్నా?"

"నమ్మకం లేదప్పా! ఎవరు కాదన్నారు? అట్లని రిస్కు తీసుకోవల్నా?" లింగన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సోమవారం చేద్దాం. ఇరవై ఏడు. నా మాట. నీకు ఇంకా నాలుగు దినాలు మిగుల్తాది జూలై. వాయిదా అని రాయి."

'అనివార్య పరిపాలనా కారణముల వలన కప్పల వివాహము జూలై 27వ తేదీకి వాయిదా వేయడమైనది.' అక్షరాలు మళ్లీ మామూలు సైజుకు వచ్చాయి.

"ఇంగొకటి సార్" అన్నాడు లింగన్న. "నువ్వు డ్రాయింగు మాస్టరువి. మా కోడలు డెకరేషన్ సెలెక్ట్ చేస్తాండాది. ఒకసారి లోపలికి రా. చదువుకున్నోడి కన్ను పడితే ఆ కళే వేరు."

*

లోపల సోఫాలో లింగన్న కోడలు త్రివేణి, ఎదురుగా అనంతపురం నుంచి వచ్చిన ఈవెంట్ మేనేజరు ప్రతాప్, అతని ఒళ్లో వెడల్పాటి ట్యాబ్. సోఫా చేతిమీద గుర్రమెక్కినట్టు కూర్చున్నవాడు లోహిత్, రాబోయే అయిదేళ్ల వయసు యజమాని.

"రండి సార్. థీమ్ లేకుండా ఇప్పుడెవరూ బర్త్‌డే చేయడం లేదు సార్. ఉరవకొండలో కూడా చేయడం లేదు" అని త్రివేణి పరిస్థితి తీవ్రతను వివరించింది.

ప్రతాప్ వేలితో తెర జరిపాడు. "మేడం, ఫస్ట్ ఆప్షన్ సముద్రం అడుగున. తిమింగలం ఇరవై అడుగులు, గాలి కొట్టేది."

"మునిగేది శకునం బాగుండదు" అన్నాడు లింగన్న.

"మంచులోకం?"

"ఆ ఎండకు మంచు చూస్తే జనం నవ్వరా?"

"అయితే పల్లెటూరు థీమ్ చూడండి మేడం. బెంగళూరులో ఇప్పుడు ఇదే నడుస్తాండాది. మట్టిగోడ, ఎడ్లబండి, కుండలు, ఒక ముసలామె కూర్చుని రాగులు విసురుతాంటాది."

"పల్లెటూర్లోనే ఉండాం కదా, మళ్లీ పల్లెటూరేంది?"

"ఇది వేరే పల్లెటూరు మేడం. క్లీన్‌గా ఉంటాది."

"నాకు బోరు లారీ థీమ్ కావాల!" అని లోహిత్ ప్రకటించాడు. "కేకు మీద బోరు లారీ ఉండాల. డడడడా అని తిరగాల. దుమ్ము లేయాల!"

"నీళ్లు?" అని అడిగాడు తిప్పేస్వామి.

"నీళ్లు రావు సార్. దుమ్మే వచ్చాది. మా తాత యాడ ఏసినా దుమ్మే వచ్చాది."

తాత దగ్గాడు. త్రివేణి కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఊరుకోరా! వచ్చినోళ్లు మనల్ని బోరోళ్లు అనుకుంటారు."

ఆ బంగళా పునాదుల నుంచి పిట్టగోడ దాకా బోరు లారీ తిరిగిన చప్పుడుతోనే లేచింది. అయినా అనుకోకూడదు. మర్యాద అంటే అదే.

చివరికి తెరమీద పచ్చగా ఒకటి కనిపించింది. "వానల అడవి మేడం. రెయిన్ ఫారెస్ట్. నలభై చెట్లు, ప్లాస్టిక్‌వి. పైనుంచి వాన, క్రిస్టల్ పూసల దండలు రెండువేలు, లోపల లైట్లు. ఉరుములు స్పీకర్లో. పొగ మిషన్లో మబ్బు. వచ్చినోళ్లంతా రెయిన్‌కోట్లో రావాల, అది డ్రెస్ కోడ్."

గుండ్లవంక ప్రముఖులు తెర మీదికి వంగారు. ఇంత అందమైన విషయాన్ని ఎప్పుడో ఎక్కడో చూసినట్టు అందరికీ అనిపించింది.

"ఇదే!" అంది త్రివేణి. "సార్, ఏ గ్రీన్ తీసుకుందాం? మీరు చెప్పండి."

ప్రతాప్ ముప్ఫై రకాల పచ్చలు వరసగా చూపించాడు. చిలకపచ్చ, నాచుపచ్చ, మెరిసే పచ్చ, మెరవని పచ్చ. తిప్పేస్వామి చాలాసేపు చూశాడు. విత్తిన ఏడో రోజు శనక్కాయ మొలక రెండాకులు విప్పుతుంది. అప్పుడు దానికొక రంగు ఉంటుంది. అది మధ్యాహ్నానికే మారిపోతుంది. సరళ పొద్దున్నే అతన్ని లేపి చేలోకి తీసుకుపోయి చూపించేది. ఆ రంగు ట్యాబ్‌లో కింది వరసలో, చివర ఉంది. వేలు పెట్టి చూపించాడు.

"సూపర్ సెలెక్షన్ సార్! మా కేటలాగ్‌లో దాని పేరు 'కొత్త ఆశ'. కోడు నలభై రెండు" అన్నాడు ప్రతాప్. "వెలవదు, వాడదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు."

అంతా అయిపోయిందనుకుంటే కప్పల దగ్గర తకరారు వచ్చింది. ప్రతాప్ చూపించిన థర్మోకోల్ కప్పలు పళ్లు కనబడేలా నవ్వుతున్నాయి. వాటికి పొడవాటి కనుబొమలున్నాయి.

"కప్పకు ఐబ్రోస్ ఏంది? నాచురల్‌గా లేదు" అంది త్రివేణి. ప్లాస్టిక్ చెట్ల మధ్య, పూసల వాన కింద, పొగమబ్బులో కూర్చునే కప్ప అసలైనదిలా ఉండాలని ఆమె పట్టు.

లింగన్న తొడ చరిచాడు. "నిజం కప్పలే ఉండాయి కదా మన దగ్గర! సార్, ఒక్క దినం. గాజు బౌలులో పెడదాం. సోమవారం పొద్దున్నే తిమ్మక్కకు అప్పజెప్తాం."

"అవి పెండ్లి కప్పలన్నా."

"మన ప్లాంటు కాలవలో పుట్టినవే కదప్పా. పుట్టింటికి ఒకసారి వచ్చి పోతే తప్పా? ఇయ్యకుంటే ఇయ్యొద్దులే. మళ్లీ సోమవారం పెండ్లికి టెంటూ, మేళమూ ఎవరిస్తారో చూసుకోండి."

తిప్పేస్వామి లెటర్ రాశాడు. 'కమిటీ ఆధీనంలోని కప్పలు రెండు (మగ 1, ఆడ 1) ప్రజాప్రయోజనార్థం ఒక రోజు తాత్కాలికంగా అప్పగించడమైనది.' దాన్ని పట్టుకుని వెళితే తిమ్మక్క కుండ మీద గోనె తియ్యనే లేదు.

"పెండ్లికూతుర్ని పెండ్లికి ముందే ఊళ్లో తిప్పుతారా? మీ ఇండ్లల్లో అట్లనే చేస్తారేమప్పా?"

"సోమవారం పెండ్లి చేస్తానన్నాడు తిమ్మక్కా. మాటిచ్చినాడు."

"వాడు మాటిచ్చేది కొత్తా? నా చేలో బోరేసేటప్పుడు కూడా ఇచ్చినాడు." గోనె తీసి కుండ అతని చేతిలో పెట్టింది. "సరళ ఉంటే నీ చేతికి ఇచ్చేదేనా సామీ, నువ్వే చెప్పు."

అతను గోనె మళ్లీ కుండ మీద కప్పి, బంగళా వైపు నడిచాడు.

*

ఆదివారం సాయంత్రం అయిదింటికి వానల అడవి తయారైంది. నలభై చెట్లు, ఒక్కదానికీ దుమ్ము లేదు. ఊళ్లో చెట్లు సిగ్గుపడి గోడల వెనకే నిలబడ్డాయి. కేకు బల్ల మీద గాజు బౌలులో రెండు కప్పలు.

డ్రెస్ కోడ్ గురించి ఊరికి ముందే చెప్పారు. గుండ్లవంకలో రెయిన్‌కోటు ఎవరి దగ్గరుంటుంది? ఆహ్వానం మీద గౌరవంతో రైతులు యూరియా సంచులు మడిచి, వానకు కప్పుకునే గొప్పెల్లా తలమీద వేసుకుని వచ్చారు. రెండు వందల గొప్పెలు వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాయి. త్రివేణి మొహం మాడింది గానీ ఫొటోగ్రాఫరు మాత్రం, "ఎవురూ కదలొద్దండి! సంచులు తీయొద్దండి!" అని ఉత్సాహపడిపోయాడు.

ప్రతాప్ బటన్ నొక్కాడు. ఉరిమింది! పూసల వాన మెరిసింది. మబ్బు మిషన్ పొగ వదిలింది. నలభై అయిదు రోజులుగా ఆకాశాన్ని చూసి చూసి మెడలు పట్టేసినవాళ్లు నోళ్లు తెరుచుకుని స్పీకరు వైపు చూశారు. స్పీకర్లో ఎంత బాగా ఉరిమింది! పడమటి గాలి కూడా అలా ఎప్పుడూ తీసుకురాలేదు.

రెండో ఉరుముకు 'బెక' అని వినిపించింది. తర్వాత 'బెకబెక', ఆ పైన ఆగకుండా.

"సౌండ్ సూపర్‌గా ఉండాది ప్రతాప్!"

"కప్పల సౌండ్ నేను పెట్టలేదు మేడం. అది ప్రీమియం ప్యాకేజీలో వచ్చాది."

అందరూ బౌలు వైపు తిరిగారు. మగకప్ప గొంతు సంచి ఉబ్బించి, ఈ లోకంలో ఇక వేరే పని లేనట్టు పిలుస్తోంది. సరిగ్గా అప్పుడే పడమట నుంచి గాలి లేచింది. అది ఫ్యాను గాలి కాదు, తడి వాసనున్న గాలి. ప్లాస్టిక్ ఆకులు ఒక్కసారిగా గలగలలాడాయి. తలలెత్తి చూస్తే బళ్లారి వైపు నుంచి నల్లటి మబ్బొకటి నింపాదిగా నడిచి వస్తోంది.

ముందు వరసలో కూర్చున్న తిమ్మక్క లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించింది. "అది పిలిచినాది, ఇది పక్కకొచ్చినాది. పెండ్లి వాటంతట అవే చేసుకున్నాయప్పా! ఇంగ వాన ఆగేదిల్యా!"

అప్పుడు మూఢనమ్మకాల మీద నమ్మకం లేని లింగన్న గారు గట్టిగా కేక వేశాడు.

"ఇడదీయండ్రా వాటిని! ఆ రెండింటినీ ఇడదీయండి!"

ఎవరూ కదలకపోతే ఆయనే బౌలులో చెయ్యి పెట్టాడు. ఆడకప్ప మూలకు ఒదిగింది. మగకప్ప ఆయన మణికట్టు మీదుగా గెంతి, కేకు మీద ఒక అడుగు వేసి, కొత్త ఆశ కోడు నలభై రెండు రంగు పొదల్లోకి దూకి మాయమైంది. కార్యదర్శి వంగి వెతుకుతుండగా మెడ మీద ఎవరో ఏదో పడేశారు. అది టార్పాలిన్ అంచు.

"పట్టండప్పా! నాలుగు మూలలా పట్టండి! లైటింగ్ తడిస్తే షార్ట్ అయితాది!" అని లింగన్న అరుస్తున్నాడు.

ఆ తర్వాత గుండ్లవంక ఐకమత్యం చూసి తీరాలి. రెండు వందల మంది రైతులు, నేల దున్ని పెట్టుకుని విత్తనం ఇంట్లో పెట్టుకున్నవాళ్లు, యూరియా సంచుల గొప్పెలతోనే లేచి, ప్లాస్టిక్ అడవి తడవకుండా టార్పాలిన్ ఎత్తి పట్టారు. "కొంచెం ఆగు తల్లీ!" అని ఒకరు, "అట్ల పో, గుత్తి పక్కకు పో!" అని ఒకరు. తిప్పేస్వామికి వాయవ్యపు మూల దొరికింది. రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాడు. మణికట్టు మీద ఒక చినుకు పడింది. చల్లగా, పెద్దది.

"ఒక్క అర్ధగంట ఆగు తల్లీ. కేకు కోసేది ఉండాది."

ఎవరా మాటన్నదని పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు. గొంతు తనదే.

టార్పాలిన్ బయట లోహిత్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ముక్కు మీద పడినదాన్ని తుడుచుకుని చేతిని చూసుకున్నాడు. తర్వాత కంగారుగా అరిచాడు.

"తాతా! పైన కారుతాండాది! మోటరు ఆపు!"

మోటరు ఆపాల్సిన పని లేకపోయింది. మబ్బు ఊరి మీదికొచ్చి, ఇన్ని చేతులు తనను వద్దంటున్నాయని గమనించిందో ఏమో, గుత్తి దారి పట్టింది. చినుకులు ఆగాయి. గొప్పెలన్నీ టార్పాలిన్ వదిలి ఒక్కసారి చప్పట్లు కొట్టాయి. ఈలలు కూడా వేశారు. తిప్పేస్వామి కొట్టలేదు. అతని రెండు చేతుల్లో టార్పాలిన్ ఉంది. లేకపోతే కొట్టేవాడే.

కేకు కోశారు. కప్ప అడుగు వేసినంత మేర తీసేసి పంచారు.

*

సోమవారం పొద్దున తిప్పేస్వామి పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని బంగళాకు వెళ్లాడు. పళ్లెం సరళది. వరండాలో టెంటు లేదు, మేళం లేదు. కమిటీ అంతా పేపరు చుట్టూ మూగి ఉంది.

"రా సార్, రా! చూడు!" లింగన్న పేపరు చాచాడు. జిల్లా పేజీలో పెద్ద ఫొటో. యూరియా సంచుల గొప్పెలు వేసుకున్న రెండు వందల మంది రైతులు, గాజు బౌలులో కప్పలు, నడుమ లింగన్న. కేకు లేదు, ఎవరో కత్తిరించారు. పైన శీర్షిక: 'గుండ్లవంకలో ఘనంగా కప్పల పెళ్లి. చినుకులు రాల్చిన వరుణుడు!'

"విలేకరికి నేనే పంపినా. పై ఆఫీసు నుంచి ఫోన్లు. కమిటీ బాగా పని చేస్తాండాదని అంటాండారు. రిజిస్టరు తీయి సార్. ఇరవై ఆరో తేదీ సాయంత్రం శాస్త్రోక్తంగా కప్పల వివాహం జరిపించడమైనది, చిరుజల్లు కూడా కురిసినది, అని రాయి."

"ఈరోజు చేస్తామంటివి కదన్నా."

"పేపర్లో వచ్చినంక మళ్లీ చేస్తే ఏమనుకుంటారప్పా? అయినా చేయనీకి మగకప్ప యాడుండాది?"

మగకప్ప ఎక్కడుందో తిప్పేస్వామి ఊహించగలడు. రాత్రి నలభై చెట్లనూ మడిచి వ్యానులో ఎక్కించారు. అది కూడా ఆ పొదలతోపాటే అనంతపురం చేరి ఉంటుంది. వచ్చే ఆదివారం ఇంకొకరి పుట్టినరోజుకు హాజరవుతుంది.

లింగన్న లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది.

"సరళమ్మ కోరిక కూడా తీరినట్టే కదా సార్. పెండ్లి అయిపోయినాది. పోయి విత్తనం ఏసుకో."

తిప్పేస్వామి రిజిస్టరు తెరిచాడు. పైన తేదీ రాశాడు. దాని కింద 'తీర్మానం 1' అని రాసి, గీత గీశాడు. తర్వాత కలానికి మూత పెట్టాడు.

"ఏం రాసినావు సార్?"

"తేదీ రాసినా."

"మిగిలింది?"

"మీరెవరన్నా రాయండన్నా. నా అక్షరాలు దీనికి సరిపోవు."

పళ్లెం తీసుకుని వచ్చేశాడు. దారిలో తిమ్మక్క గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల కుండలో, రాత్రే తిరిగొచ్చిన ఆడకప్ప తడిగోనె కింద ఉంది. ఇంటికి వచ్చి పళ్లెం అరుగు మీద పెట్టి, గోడ పక్కన జూన్ పదకొండు నుంచి అలాగే ఉన్న చాట దగ్గర కూర్చున్నాడు. అందులో మిగిలిన కాయలు ఒలిచాడు. సాయంత్రానికి అయిపోయాయి.

రిజిస్టరులో ఆ గీత కింద ఇప్పటికీ ఎవరూ ఏమీ రాయలేదు. కప్పల పెళ్లి జరగలేదు. సరళ ఒలిచిన రెండు మూటల విత్తనం ఇంకా వేయలేదు.